పద్నాలుగో చీర

గురువారం పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు నేను మెట్‌పల్లి గెస్ట్‌హౌస్‌లో అడుగుపెట్టేసరికి, కస్టమ్స్ సూపరింటెండెంట్ ఉపేందర్‌రావు బల్ల మీద పద్నాలుగు చీరలు పరుచుకుని కూర్చున్నాడు. ప్రతి చీర మూలలోనూ చిన్న నల్ల గుర్తు ఉంది. ఒకదానికి మూడు చుక్కలు, ఒకదానికి రెండు గీతలు, ఇంకోదానికి గీత మీద గీత. వాటన్నిటినీ ఆయన నోటుబుక్కులోకి ఎక్కించుకుంటున్నాడు, పరీక్షకు ముందురోజు పిల్లాడు ఎక్కాలు రాసుకున్నంత శ్రద్ధగా.

"వచ్చినవా రామచంద్రం?" అన్నాడు తలెత్తకుండానే. "నువ్వు రాకుంటే బాగుండు అనుకున్న."

ఉపేందర్‌రావు, నేను బొంబాయి కస్టమ్స్‌లో ఎనిమిదేళ్లు పక్కపక్క బల్లల దగ్గర పనిచేశాం. నేను ఉద్యోగం మానేసి కరీంనగర్‌లో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. ఆయన ప్రమోషన్ మీద మా జిల్లాకే వచ్చిపడ్డాడు. అప్పటినుంచి నేను ఎవరి పక్షాన నిలబడితే వాళ్లు దొంగలని ఆయనకు గట్టి నమ్మకం.

"ఏమిటా బొమ్మలు?"

"బొమ్మలు కావు. కోడ్. ముఠాల ఎవని వాటా ఎంతనో గుర్తులు పెట్టుకున్నరు. సగం అర్థమైంది, ఇంకో గంటల మిగిలింది గూడ లాగుతా."

నేను ఒక చీర అంచు చేతిలోకి తీసుకుని చూశాను. తర్వాత ఆయన వెనక్కి వెళ్లి, అనుమతి అడగకుండా ఆయన చొక్కా కాలర్ మడత తిప్పాను. లోపల ఒక చుక్క, ఒక వంకర గీత.

"నువ్వు ఏ ముఠావయ్యా ఉపేందర్‌రావ్?"

ఆయన మెడ తడుముకున్నాడు. గది మూలలో నిలబడ్డ కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక వరండాలోకి పోయాడు. చాకలివాళ్లు నల్లజీడి గింజ రసంతో బట్టల మీద పెట్టే గుర్తులు అవి. ఏ బట్ట ఏ ఇంటిదో మరిచిపోకుండా ఇంటికో గుర్తు పెడతారు. ఒక్కసారి అంటితే బట్ట చిరిగినా గుర్తు పోదు.

నేను గెలిచాననుకున్నాను. ఆ సంతోషం అర నిమిషం కూడా నిలవలేదు.

"మంచిది," అన్నాడు ఉపేందర్‌రావు మెల్లగా. "చాకలి గుర్తులే అనుకుందాం. ఎప్పుడు పెట్టిండ్రు? నీ మనిషి మంగళవారం సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరిండు. బుధవారం పొద్దున ఆరింటికి మేము పోయినం. పెట్టె తాడు గూడ ఇప్పలే. చాకలి ఎప్పుడు వచ్చె, ఎప్పుడు ఉతికె, ఎప్పుడు గుర్తు పెట్టె? అంటే ఈ చీరలు ముందే ఊళ్లె ఉన్నయి. దుబాయి పెట్టె అసలే కాదిది. ఎక్కడో ఒడ్డున దిగిన దొంగ సరుకు. నువ్వే నా కేసుకు పక్కా సాక్ష్యం ఇచ్చినవు."

నా తెలివి నా మనిషినే ముంచింది.

నా మనిషి అంటే హనుమండ్లు, పాతికేళ్లవాడు, దుబాయిలో తాపీపని. పది రోజుల సెలవు మీద వచ్చాడు. వచ్చే బుధవారంలోగా తిరిగి దుబాయిలో దిగకపోతే వీసా పోతుంది. వీసాతోపాటు ఉద్యోగమూ పోతుంది. వాడి తల్లి భూమవ్వ నిన్న మధ్యాహ్నం కరీంనగర్‌లో నా ఆఫీసు మెట్ల మీద కూర్చుని, "మా పిల్లగాడు దొంగ కాదు సారూ, జర నువ్వైనా చెప్పు" అని ఒకటే మాట పదిసార్లు అంది. అందుకే వచ్చాను.

"సాయంత్రం ఐదింటికి కేసు రాస్త," అన్నాడు ఉపేందర్‌రావు. "పాస్‌పోర్టు కోర్టుకు పోతది. నీకు ఆరు గంటల టైముంది."

"నీకు సమాచారం ఎవరిచ్చారు?"

ఆయన కొంచెం ఆలోచించి ఒక ఇన్‌లాండ్ లెటర్ నా ముందు పడేశాడు. మెట్‌పల్లిలో శనివారం డబ్బాలో వేశారు. సోమవారం కరీంనగర్ ఆఫీసుకు చేరింది. సంతకం లేదు. 'హనుమండ్లు అనే వ్యక్తి పద్నాలుగు కొత్త చీరలను పాతవని నమ్మించి తెచ్చుచున్నాడు. మూలలలో నల్లని గుర్తులు ఉండును. చీరలను తప్పక జప్తు చేసి తగులబెట్టగలరు. నాకు ఇనాము అవసరం లేదు.'

రెండుసార్లు చదివాను. కస్టమ్స్‌కు ఉప్పందించేవాడు ఇనాం కోసమే అందిస్తాడు. పట్టుకున్న సరుకులో వాటా వస్తుంది. ఎనిమిదేళ్లలో ఇనాం వద్దన్న ఇన్‌ఫార్మర్‌ను నేను ఒక్కణ్ని కూడా చూడలేదు. పైగా తగలబెట్టమని సలహా ఒకటి!

"వాణ్ని పిలువు," అన్నాను.

హనుమండ్లు లోపలికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రాత్రంతా నిద్ర లేని కళ్లు.

"బొంబాయిలో ఎప్పుడు దిగావు?"

"సోమారం పొద్దుగాల ఏడింటికి సార్. టేప్‌రికార్డర్‌కు సుంకం కట్టిన. రసీదు ఇగో, సార్ దగ్గర్నే ఉంది. బట్టలు పాతయే అన్నరు, ఇడిసిపెట్టిండ్రు."

"ఎన్ని చీరలు తెచ్చావు?"

"పదమూడు."

ఉపేందర్‌రావు బల్ల మీద చరిచాడు. "లెక్కవెట్టు!"

హనుమండ్లు ఒక్కో చీరనూ వేలితో తాకుతూ లెక్కపెట్టాడు. పద్నాలుగు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. వాడి ముఖంలో కనిపించినది భయం కాదు, అయోమయం. అబద్ధం ఆడేవాడు లెక్క తప్పినప్పుడు మనవైపు చూస్తాడు. వీడు చీరలవైపే చూస్తున్నాడు.

"పదమూడే సార్. మా అవ్వ తోడు. గీ పద్నాలుగోది నాకెర్క లేదు."

అంటే, ఉత్తరం రాసినవాడికి ఆ పెట్టెలో ఏముందో పెట్టె మోసినవాడికంటే బాగా తెలుసు. వాడు శనివారమే పద్నాలుగని రాశాడు. శనివారం నాడు హనుమండ్లు ఇంకా దుబాయిలోనే ఉన్నాడు.

"ఈ చీరలు ఎవరివి?"

"మా అవ్వయే."

"పదమూడూ మీ అవ్వవేనా? ఆమె ఏమైనా చీరల దుకాణం పెడుతోందా?"

తల దించుకున్నాడు.

"గుర్తులు ఎవరు పెట్టారు?"

"నాకు తెల్వది సార్." ఈసారి మాత్రం నా వైపు చూశాడు. అది అబద్ధమని నాకు తెలిసిపోయింది. ఎవరినో కాపాడుతున్నాడు.

వాణ్ని పంపించి, ఒక చీరను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. బొంబాయిలో నేను కళ్లకంటే ముక్కునే ఎక్కువ నమ్మేవాణ్ని. విదేశం నుంచి వచ్చే కొత్త బట్టకు సుంకం ఉంటుంది, ఒంటి మీద కట్టి విడిచిన బట్టకు ఉండదు. ఆ సుంకం మామూలుది కాదు. పరిమితి దాటిందంటే చాలా వస్తువుల మీద ధరను మించిపోయేది. మన మిల్లుల్ని కాపాడటానికని పెద్దలు పెట్టిన గోడ అది. ఆ గోడ కింద నుంచి దూరడానికి మన వాళ్లు పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఒకడు నాలుగు ప్యాంట్లు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని ఎండాకాలంలో నా ముందు చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. వంగి సంతకం పెట్టలేక దొరికిపోయాడు.

కొత్త బట్ట గంజి వాసన వేస్తుంది. ఈ చీరలు సబ్బు వాసన వేస్తున్నాయి. బాగా ఉతికినవే. కానీ కుచ్చిళ్ల దగ్గర ఒక్క ముడత లేదు. అంచులన్నీ చేత్తో మడిచి కుట్టారు. ఉతికారు, కుట్టారు, గుర్తు పెట్టారు. కట్టలేదు. కట్టని చీరను ఉతకడమేమిటో నాకు అర్థం కాలేదు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. నోటుబుక్కులో ఉపేందర్‌రావు గీసుకున్న గుర్తుల కాగితం చింపి జేబులో పెట్టుకున్నాను. ఆయన అరుపులు వరండా దాకా వినిపించాయి.

*

భూమవ్వ ఊరు మెట్‌పల్లికి రెండు మైళ్లు. పన్నెండు నలభైకి వాళ్లింట్లో ఉన్నాను. రెండు గదుల పెంకుటిల్లు. పెట్టె పెట్టిన చోట నేల మీద దాని గుర్తు ఇంకా ఉంది. తెగిన తాడు ముక్కలు అక్కడే పడి ఉన్నాయి. ముడులు ఇప్పలేదు, కత్తితో కోశారు. అది ఉపేందర్‌రావు మనుషుల పని. కాబట్టి పెట్టె బుధవారం పొద్దుటిదాకా తెరవలేదన్నది నిజమే. అటక చూశాను, గాదె వెనక చూశాను. ముందే దాచిన సరుకు జాడ ఎక్కడా లేదు.

అప్పుడు దండెం మీద భూమవ్వ పాత చీర కనిపించింది. మూల తిప్పి చూశాను. మూడు చుక్కలు. నా జేబులో కాగితం మీద మొట్టమొదటి గుర్తు కూడా మూడు చుక్కలే.

"అవ్వా, మీ బట్టలు ఎవరు ఉతుకుతారు?"

"మా దేవవ్వ. బేస్తారం బేస్తారం వస్తది. గిప్పుడే వచ్చింది, ఎనుకకు మూటలు కడ్తుంది."

దేవవ్వ అరవై ఏళ్ల మనిషి. నేను గుర్తుల కాగితం చూపించగానే చదువుకున్నవాళ్లు అక్షరాలు చదివినట్టు గడగడా చదివేసింది.

"మూడు సుక్కలు గీ భూమవ్వది. రెండు గీతలు పటేలోల్లది. గీత మీద గీత బాలమల్లుది. గీ నెలవంక కోమటోల్లది…"

"అన్నీ ఈ ఊరి ఇళ్లేనా?"

"మరేంది? నా ఇండ్లే."

"అయితే నువ్వే పెట్టావన్నమాట."

ఆమె కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. తర్వాత దండెం మీది చీర మూల పట్టుకుని రెండూ పక్కపక్కన చూసింది. మూతి వణకడం మొదలుపెట్టింది. నేను కంగారుపడ్డాను.

"నేను వెట్టలే సారూ. నేను సుక్కలు ఒక్క వరుసల వెడ్త. గీడ నడిమి సుక్క కిందికి జారింది. గిట్ల జారవెట్టేది మా పర్శరాములు ఒక్కడే. సిన్నప్పటి సంది నెత్తి మీద కొట్టి జెప్పిన, వాని చెయ్యి మారలే." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వింది. "నా కొడుకు సారూ! దుబాయిల గీ హనుమండ్లు క్యాంపులనే బట్టలుతుకుతడు. పోయినపారి వచ్చినప్పుడు రెండు దోసిళ్ల జీడిగింజలు కట్టుకపోయిండు. దుబాయిల గివెందుకురా అంటే, పనుందే అవ్వా అన్నడు."

ఉన్నపళంగా నాకు అంతా తేటపడింది. క్యాంపులో పదమూడు మంది ఈ ఊరివాళ్లు. ఒకడు ఇంటికి వస్తుంటే మిగతావాళ్లంతా తమ ఇంటి ఆడవాళ్లకు తలా ఒక చీర ఇచ్చి పంపుతారు. కొత్తవి కనబడితే సుంకం. అందుకని అంచులు కుట్టించి, ఉతికి, ఏ ఇంటి చీరకు ఆ ఇంటి గుర్తు పెట్టించారు. బొంబాయిలో అధికారి చూస్తే పాత బట్ట, ఊళ్లో పంచేటప్పుడు చూస్తే చిరునామా. ఒక్క గింజతో రెండు పనులు. ఎనిమిదేళ్లు నా కళ్ల ముందు నుంచి ఇలాంటివి ఎన్ని పోయాయోనని సిగ్గుగా అనిపించింది. ఆ తెలివికి ముచ్చట కూడా వేసింది, దాచుకోవడం ఎందుకు!

"పద్నాలుగోది ఎవరిదవ్వా?"

కాగితం మీద చివరి గుర్తు, అడ్డగీత మీద రెండు చుక్కలు. దేవవ్వ దాన్ని చూసి కాగితం నా చేతిలో పెట్టేసింది.

"గది ఉండొద్దు."

"ఎందుకు?"

"గది మేర బుచ్చిరాములు ఇంటిది. దర్జీ. దుబాయిల గోడ మీద వడి సచ్చిపోయిండని ఏడాది అయితుంది కబురొచ్చి. పదకొండొద్దుల నాడు వాని బట్టలన్ని నేనే తీస్కున్న. పెండ్లాం కొమురవ్వ బొట్టు దీసి, గాజులు దీసి, బీడీలు చేసుకుంట బతుకుతుంది."

"క్యాంపువాళ్లు జాలిపడి పంపి ఉంటారు."

"గా చీర ఏ రంగుది?"

గుర్తు చేసుకున్నాను. "ఆకుపచ్చ. ఎర్ర పూలు."

దేవవ్వ నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. "మొగడు వోయినదానికి పచ్చ చీర ఎవడు పంపుతడు సారూ? మా ఊరోడు ఎవడన్న పంపుతడా?"

తేటపడిందనుకున్నదంతా మళ్లీ బురదైంది. కొమురవ్వ ఇంట్లో లేదు. వస్తుందేమోనని ఆమె వాకిట్లో రెండున్నర దాకా కాచాను. మెట్‌పల్లిలో బీడీ కార్ఖానాలో ఆ రోజు చేసిన బీడీలు అప్పజెప్పడానికి పోయింది. ఆమెను వెతికి నేరుగా గెస్ట్‌హౌస్‌కు తీసుకురమ్మని దేవవ్వను పంపాను. భూమవ్వ అప్పటికే పొయ్యి ముందు కూర్చుని జొన్నపిండి పిసుకుతోంది. "రెండొద్దులాయె నా కొడుకు నా చేతి బువ్వ తినక. రొట్టెలు గాల్చి తెస్త, నువ్వు నడువు సారూ" అంది.

*

మూడుంపావుకు గెస్ట్‌హౌస్ చేరాను. ముంగిట్లో తెల్ల అంబాసిడర్ కారు ఉంది. గదిలో ఉపేందర్‌రావు ఎదుట బాలకిషన్‌రావు కూర్చుని టీ తాగుతున్నాడు. మెట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్ల నుంచి దుబాయికి మనుషుల్ని పంపే ఏజెంటు ఆయనే. ఖద్దరు చొక్కా, మెత్తటి గొంతు.

"పిల్లగాడు నేను పంపినవాడే సార్," అన్నాడు నాతో. "పరేషాన్‌ల ఉన్నడు. సుంకం, జరిమానా ఎంతైతే అంత నేను కడ్త. కేసు లేకుండ చూడుండ్రి. ఆ చీరలు నాకిస్తే నేనే ఊళ్లె పంచుత."

ఎంత మంచి మనసు! నాకు మాత్రం వీపు మీద చీమ పాకినట్టయింది. ఇనాం వద్దనే ఇన్‌ఫార్మర్ ఒకడు, సంబంధం లేకపోయినా సుంకం కడతాననే దాత ఒకడు. ఒకే రోజు ఇద్దరు ధర్మాత్ములా?

ముందు పని ముందు చూసుకుందామని ఉపేందర్‌రావును పక్క గదిలోకి లాక్కెళ్లి దేవవ్వ చెప్పినదంతా చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "చాకలామె మాట మీద కేసు ఇడిసిపెట్టాల్నా?" అన్నాడు. హనుమండ్లును పిలిపించి పర్శరాములు పేరు చెప్పాను. వాడు కుప్పకూలినట్టు కూర్చున్నాడు.

"వాని పేరు రానియ్యనని మాటిచ్చిన సార్. తెలిస్తే వాని కొలువు పోతది. నేను పదమూడు ఇచ్చిన. వాడే కుట్టించి, ఉతికి, మూట గట్టి తెచ్చి పెట్టెల వెట్టిండు. ముడి ఇప్పకు అన్నడు."

"కుట్టింది ఎవరు?"

"నాకెర్క లేదు సార్. ఎటో పట్కపోయి కుట్టించుకొస్తడు."

ఉపేందర్‌రావు చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాడు. మొండివాడే గానీ అన్యాయస్తుడు కాడు. పదమూడు ఇళ్లకు తలా ఒక చీర వ్యాపారం కిందికి రాదు. కానీ కొత్తవాటిని పాతవని చెప్పడం తప్పే. కొత్త బట్ట కింద లెక్కగట్టి సుంకం, పైన జరిమానా వేస్తే తన అధికారంలోనే ముగిసిపోతుంది, కోర్టు దాకా పోదు. మూడు నలభై ఐదుకు కాగితాలు రాయడం మొదలుపెట్టాడు. నాలుగు గంటల ఐదు నిమిషాలకు సంతకం పెట్టి పాస్‌పోర్టు హనుమండ్లు చేతిలో పెట్టాడు. వాడు దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చాడు.

బాలకిషన్‌రావు డబ్బు కట్టి చీరల మూట వైపు చెయ్యి చాచాడు.

"ఆగండి," అన్నాను. "ఈ చీరలకు ఇంటి గుర్తులున్నాయి. ఎవరి చీర వాళ్లే వచ్చి సంతకం పెట్టి తీసుకుంటారు."

"ఇంతదానికి అందరిని పిలుచుడెందుకు సార్…" అన్నాడు బాలకిషన్‌రావు.

"అదే పద్ధతి," అన్నాడు ఉపేందర్‌రావు. పద్ధతి అన్న మాట వినబడితే చాలు, ఆయన ఎవరి మాటా వినడు. ఆ ఒక్క గుణానికి ఆ రోజు దండం పెట్టాలనిపించింది.

బాలకిషన్‌రావు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముఖంలో నవ్వు చెదరలేదు. హనుమండ్లు భుజం మీద చెయ్యి వేశాడు. "నడువు బిడ్డా. ఈ కేసు మల్ల తిరగబడకముందే నిన్ను విమానం ఎక్కిస్త. టికెట్ మార్చే పని నాది. రాత్రికి రాత్రి బొంబాయి పోదం."

"మా అవ్వను చూసి…"

"అవ్వకు నేను చెప్తతీ."

వీసాకు ఇంకా ఆరు రోజుల గడువు ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఉపేందర్‌రావు మనసు మార్చుకుంటాడేమోనన్న భయం నాకూ ఉంది. దాటించడమే మంచిదనిపించింది. నేనే హనుమండ్లు వీపు తట్టి కారెక్కించాను. నాలుగుంపావుకు కారు గేటు దాటి నిజామాబాద్ రోడ్డు మీదికి తిరిగింది.

*

నాలుగున్నరకు దేవవ్వ వెంట కొమురవ్వ వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. బోసి నుదురు, బోసి చేతులు, వేళ్లకు తునికాకు మరక. నేను ఆకుపచ్చ చీర ఆమె ముందు పెట్టాను. ముట్టుకోలేదు.

"నాకెందుకు సారూ గీ రంగు?"

"గుర్తు మీ ఇంటిది. చూడమ్మా."

ఆమె గుర్తు వైపు చూడలేదు. అంచు వైపు చూసింది. మెల్లగా అంచు పట్టుకుని, కుట్టు వెంబడే వేలు జరుపుకుంటూ చివరిదాకా పోయింది. అక్కడ ఆగింది. ఇంకో చీర లాగింది, దాని అంచు చివర చూసింది. మూడోది. నాలుగోది. దేవవ్వ ఆమె భుజం పట్టుకుంది.

"ఏమైందే పిల్లా?"

"గీ మెలిక," అంది కొమురవ్వ. "దర్జీలు దారం ముడేసి తెంపుతరు సారూ. మా ఇంట్ల ముడెయ్యం. దారం ఎనుకకు తీసి, కుట్టు కిందికెల్లి మెలేసి లోపటికి తోస్తం. అంచు గరుకు కాదు. మా అవ్వ నాకు నేర్పింది. నేను ఆయినకు నేర్పిన. నేను ఎవ్వలకు నేర్పలే."

"ఆయన ఇంకెవరికైనా నేర్పి ఉండొచ్చు కదా?" అన్నాడు ఉపేందర్‌రావు.

కొమురవ్వ పచ్చ చీర కొసకు పోయి, నడుము దగ్గర దోపుకునే చోట లోపలి వైపు తడిమింది. అక్కడ అదే గుడ్డతో కుట్టిన రెండు వేళ్ల సంచి ఉంది. నేను పొద్దున ఆ చీరను వాసన చూశాను, మడతలు చూశాను. ఆ సంచి నా కంటబడలేదు.

"నేను బీడీల పైసలు కొంగుల కట్టుకుంటే పోతయని, ఆయిన నా ప్రతి చీరకు గీ సంచి కుట్టేటోడు," అంది. "గిది ఎవ్వలకు తెల్వది సారూ. ఎట్ల తెలుస్తది?"

ఈ పదమూడు చీరలూ క్యాంపువాళ్లు కొని ఎంత కాలమైంది? పది పన్నెండు రోజులు. వాటి అంచులు కుట్టినవాడు ఏడాది కిందట చచ్చిపోయాడని ఊరంతా ఏడ్చింది. ఆ చావు కబురు ఎవరు తెచ్చారని అడిగాను. అడుగుతుండగానే జవాబు నాకు తెలిసిపోయింది.

"బాలకిషన్‌రావు సారే కాయితం తెచ్చిండు," అంది దేవవ్వ. "ఏలిముద్ర గూడ ఆయినే వెట్టించుకున్నడు."

కొమురవ్వ సంచిలో వేలు పెట్టి, నాలుగు మడతలు పెట్టిన సిగరెట్ పెట్టె కాగితం తీసింది. నా చేతికిచ్చింది. ఉతికినప్పుడు తడిసి కొన్ని అక్షరాలు అలుక్కుపోయాయి. పెన్సిల్‌తో రాసినవి కాబట్టి మిగతావి నిలిచాయి. గట్టిగా చదివాను.

'కొమురా, నేను సావలే. పాస్‌పోర్టు గుంజుకొని ఒక అర్రల వెట్టి కుట్టు పని చేపిస్తుండ్రు. సచ్చిపోయిన్నని కాయితం రాసి నా పేరు మీద బీమా పైసలు తీస్కున్నరు. పర్శరాములు ఒక్కనికే ఎరుక. బాలకిషన్‌రావును నమ్మకు. హనుమండ్లు సెలవు మీద వస్తుండు. వాన్ని మల్ల రానియ్యకు. తరువాతి సావు కాయితం వాని పేరు మీద రాసి వెట్టుకున్నరు. నేను చూసిన.'

కొమురవ్వ నేల మీద కూర్చుండిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పలేని శబ్దం వచ్చింది ఆమె గొంతులోంచి. బోసి మణికట్టును ఇంకో చేత్తో పట్టుకుని ఊగుతోంది. ఉపేందర్‌రావు మాత్రం నా ముఖం చూశాడు. నేను గోడ మీది గడియారం చూశాను. నాలుగు గంటల నలభై నిమిషాలు.

పద్నాలుగో చీర సంగతి దుబాయి మనుషుల ద్వారా పసిగట్టి తగలబెట్టమని రాసిన ధర్మాత్ముడూ, అది కుదరక సుంకం కట్టి మూట అడిగిన ధర్మాత్ముడూ ఒక్కడే. పొద్దుటి నుంచి ఐదున్నర గంటలు నేను పోరాడింది ఆ పిల్లవాణ్ని దుబాయి విమానం ఎక్కించడానికే. చీరల మూట బాలకిషన్‌రావు చేతికి పోకుండా ఆపినందుకు మీసం మెలేసుకున్నాను. మనిషిని మాత్రం నా చేత్తో వీపు తట్టి ఆయన కారులో కూర్చోబెట్టాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

"జీపు తియ్!" అని అరుస్తూ ఉపేందర్‌రావు బయటికి ఉరికాడు. నేను చీటీ జేబులో కుక్కుకుని వెనకే పరుగెత్తాను.

వరండా మెట్ల మీద భూమవ్వ ఎదురైంది. రెండు మైళ్లు ఎండలో నడిచి వచ్చిన మనిషి ముఖం వెలిగిపోతోంది. గేటు దగ్గర కానిస్టేబుల్ చెప్పేశాడట. ఆమె వంగి నా కాళ్లు పట్టుకోబోయింది. నేను వెనక్కి జరిగాను.

"నా కొడుకును ఒడ్డుకేసినవు సారూ, నీ కడుపు సల్లగుండ. కారెక్కి పోయిండట గద? పోనీతీ, కొలువు దక్కింది, గదే పదివేలు." చేతిలోని గుడ్డమూట వైపు చూసుకుంది. "జర ఆగితే బాగుండు. రొట్టెలు ఇంక ఏడిగనే ఉన్నయి. తినకనే పాయె."

జీపు హారన్ ఆగకుండా మోగుతోంది. నేను చెయ్యి చాచి ఆ రొట్టెల మూట అందుకున్నాను.

"వాడికి నేనే ఇస్తాను అవ్వా," అని చెప్పి జీపు వైపు ఉరికాను.